అగ్ని పుట్టకపోవుటకు కారణమేమి?

విజయదశమినాడు కోనసీమలో ఏ యూరికి పోయినను, కొబ్బరిచెట్ల నీడలో కడిగి నిలిపిన ట్రాక్టరుకు పసుపుకుంకుమలు పెట్టి, ముందుభాగమునకు బంతిపూల దండ వేసి, చక్రముల క్రింద నిమ్మకాయలుంచి, కొబ్బరికాయ కొట్టి, హారతి యిచ్చి, ఆ నిమ్మకాయల మీదుగా బండిని నాలుగడుగులు ముందుకు నడిపించుచున్న గృహస్థు కనబడును. పూర్వము నాగలికిని, కొడవలికిని, కత్తికిని జరిగిన ఆయుధపూజయే నేడు యంత్రమునకు జరుగుచున్నది. క్రొత్తబండి కొన్నవారిలో ఐనవిల్లి సిద్ధివినాయకుని దర్శనము చేయించి గాని దానిని చేనిలో దింపని వారును కలరు. విఘ్నములకు అధిపతి ఆయన గనుక, వానిని తొలగింపుమని ఆయననే వేడుకొనుట సమంజసమే.

ఇన్ని పూజలందుకొన్న బండియే, తొలకరి వచ్చి, ధవళేశ్వరము నుండి కాలువలకు నీరు వదలి, ఆకుమడి ఎదిగి, కూలీలు కుదిరి, తెల్లవారిన దమ్ము చేయవలసియున్న నాడు, ఎంత త్రిప్పినను అందుకొనక మొరాయించినచో, రైతు నోట వచ్చు మొదటిమాట “నా ఖర్మ” యని. రెండవది “మెకానిక్కుకు కబురంపండి” యని. ఈ రెండు మాటలును ఒక్క ఊపిరిలోనే వెలువడుటచే వాని నడుమ నున్న వైరుధ్యము ఎవరికిని తోచదు. కర్మమే కారణమైనచో మెకానిక్కు చేయగలది ఏమి? మెకానిక్కు చేయగలది యున్నచో కర్మమును ఏల తలంపవలెను? ఈ ప్రశ్నను నేను పరిహాసమునకు అడుగుట లేదు. నిప్పు పుట్టవలసిన చోట పుట్టకపోవుటకు కారణమేమి యను విచారమును మన తార్కికులును మీమాంసకులును కొన్ని శతాబ్దముల పాటు, ఒకరినొకరు ఇసుమంతయు మన్నింపక, నడపియున్నారు. ఆ వాదమును ఒక పాత ట్రాక్టరు చెంత కూర్చుండి మరల చదివినచో, గ్రంథములలో పొడిగా తోచిన పంక్తులకు చమురు వాసన తగిలి ప్రాణము వచ్చును.

మొదట పూజ సంగతి. మంగళమును గూర్చిన చర్చ న్యాయగ్రంథముల ప్రథమపుటలలోనే యున్నది. ఆంధ్రుడని ప్రసిద్ధికెక్కిన అన్నంభట్టు 17వ శతాబ్దమున తర్కసంగ్రహము రచించి, దానికి తానే దీపిక యను వ్యాఖ్యను వ్రాసికొని, ఆ వ్యాఖ్యారంభముననే ఒక పూర్వపక్షమును లేవనెత్తెను. మంగళాచరణము చేసిన గ్రంథము పూర్తికాకుండుటయు, చేయని గ్రంథము పూర్తియగుటయు లోకమున కనబడుచుండగా, మంగళము సమాప్తికి కారణమని ఎట్లు చెప్పుదురు? పూజచేసిన బండి ఆగుటయు, పూజలేని బండి పరుగిడుటయు చూచినవాడు వేయు ప్రశ్నయే యిది. దీనిని ఏ నాస్తికుడో బయటినుండి విసరలేదు. ఆస్తికుడైన శాస్త్రకారుడే తన గ్రంథద్వారమున నిలిపికొనెను. నవ్యనైయాయికులు దీనికి చెప్పిన సమాధానము మిక్కిలి సూక్ష్మమైనది. మంగళమునకు ఫలము విఘ్నధ్వంసము మాత్రమే. సమాప్తి కలుగుట కర్తయొక్క బుద్ధి, ప్రతిభ మొదలగు స్వకారణముల వలన. అనగా కొబ్బరికాయ తన పని తాను చేయును. ఇంజనులోని పని కొబ్బరికాయది కాదు. భక్తికి గాని యంత్రజ్ఞానమునకు గాని అవమానము కలుగకుండ ఇంతకంటె చక్కగా సరిహద్దు గీసినవారిని నేనెరుగను.

ఇక కర్మము. నైయాయికుడు అదృష్టమును త్రోసివేయడు. ఈశ్వరుని, కాలమును, దిక్కును, అదృష్టమును సమస్తకార్యములకును సాధారణకారణములుగా అంగీకరించును. అయితే ఈ ‘సాధారణ’ శబ్దములోనే ఆయన గడుసుదనమంతయు దాగియున్నది. ఇంజను అందుకొన్ననాడు కూడ అదృష్టము కారణమే, అందుకొననినాడు కూడ కారణమే. కొత్తపేటలో నడచిన బండికిని, రాజోలులో నిలిచిన బండికిని సమానముగా చెందినది. అన్నింటికిని కారణమైనది ఏ యొక్కదానికిని ప్రత్యేకసమాధానము కాజాలదు గనుక, ‘ఈ బండి ఈ పూట ఏల ఆగినది?’ యను ప్రశ్నకు ‘ఖర్మ’ యనుట అసత్యము కాకపోయినను ఉత్తరము కాదు. దృష్టకారణము దొరకుచుండగా అదృష్టమును కల్పించుట న్యాయము కాదని శాస్త్రకారులు ఊరక అనలేదు.

అసలు వాదమునకు ఒక మణి మూలము. అగ్ని యున్నది, ఎండుకట్టె యున్నది, రెండును తగులుచున్నవి. అయినను చంద్రకాంతమను మణి సమీపమున నున్నచో కట్టె కాలదట. మణిని తీసివేసినచో మరల కాలునట. అట్టి మణిని మీరును నేనును చూడలేదు. ఆ వాదము నడపిన పండితులు చూచియుందురా యనునది వేరు సంగతి. ప్రశ్న మాత్రము పటిష్ఠమైనది. కనబడు కారణములన్నియు నున్నను కార్యము ఏల కలుగలేదు? మీమాంసకుడు, అందును ప్రాభాకరుడు, ఇట్లనును: అగ్నిలో కంటికి కనబడు రూపముకంటె వేరుగా దహించు శక్తి యను నొక పదార్థమున్నది, మణి సన్నిధిలో ఆ శక్తి నశించినది, మణి తొలగగా మరల పుట్టినది. నైయాయికుడు దీనికి ఒప్పుకొనడు. కనబడని శక్తిని కల్పించుట ఏల? అగ్నివలెనే, కట్టెవలెనే, ప్రతిబంధకము లేకుండుట కూడ ఒక కారణము, మణి యున్నప్పుడు ఆ అభావము లేదు గనుక కారణసామగ్రి పూర్తికాలేదు, కార్యము కలుగలేదు, అంతే. ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలిలోను, గంగేశోపాధ్యాయుడు తత్త్వచింతామణిలోను ఈ పక్షమును నిలిపి శక్తివాదమును ఖండించిరి. లేకపోవుట యనునది కూడ ఒక కారణమా యని ముక్కుమీద వ్రేలిడుకొనువారికి పాత ట్రాక్టరు చూపించుటకంటె మంచి ఉపాయము లేదు.

కోనసీమలో నేడు దమ్ము చక్రములు బిగించుకొని చేలలో తిరుగు ట్రాక్టర్లు దాదాపుగా డీజిలువే. వానిలో నిప్పురవ్వతో పనిలేదు. రవ్వతో నడచు బండి చూడవలెనన్నచో పాతకాలపు పాకలు వెదకవలెను. కొత్తపేట దాపున నొక తోటలో, పెంకుటిపాక క్రింద, తాతగారి జ్ఞాపకముగా మనుమలు నిలుపుకొన్న అట్టి బూడిదరంగు ఫెర్గుసను ఒకటి యున్నది. ఇంగ్లండులోని కోవెంట్రీలో 1946 నుండి 1956 వరకు ఐదు లక్షలకు పైగా తయారైన టి.ఇ.20 జాతి బండ్లలోనిది. పెట్రోలుతో మొదలుపెట్టి, వేడెక్కిన పిమ్మట కిరసనాయిలుకు మార్చునట్టి రకము. స్టార్టరుకు వేరే మీట లేదు. గేరు కడ్డీనే ‘ఎస్’ అను గుర్తువైపు నెట్టవలెను. గేరు పడియుండగా పొరపాటున బండి ఉరుకకుండ చేసిన ఈ ఏర్పాటును చూచినప్పుడు, దీనిని కల్పించినవాడు మనిషి తొందరపాటును బాగుగ ఎరిగినవాడని తోచును.

దానిలో రవ్వ పుట్టు విధము వినదగినది. బ్యాటరీనుండి వచ్చు కరెంటు ఆరు వోల్టులో పన్నెండు వోల్టులో. దానితో ప్లగ్గు మొనలమధ్య ఖాళీని దాటుట అసంభవము. ఆ కరెంటు కాయిలులోని లావుతీగ చుట్లగుండ పోయి, పాయింట్లు కలిసియున్నంత సేపు నడిమి యినుమును అయస్కాంతముగా చేసియుంచును. ఇంజనుతోపాటు తిరుగు కాము వచ్చి పాయింట్లను విడదీయగనే కరెంటు తెగును, అయస్కాంతక్షేత్రము కూలిపోవును, ఆ కూలుటలో సన్నతీగ వేలకొలది చుట్లయందు పదిహేను ఇరువది వేల వోల్టుల ఒత్తిడి పుట్టి, రవ్వయై ప్లగ్గువద్ద దూకును. నిమిషమునకు పదునైదు వందల చుట్లు తిరుగు నాలుగు సిలిండర్ల ఇంజనులో ఇది సెకనుకు ఏబదిమారులు జరుగవలెను. కలయిక వలన గాక విడివడుట వలన ఇచట అగ్ని పుట్టుచున్నదని గమనింపుడు. వెదురును చీల్చినప్పుడు పుట్టు శబ్దమును విభాగజమని మన తార్కికులు లెక్కించిరి. రెండు వస్తువులు ఎడబాయుట కూడ ఒక గుణమనియు, అది కార్యమును కనగలదనియు వారి మతము. పాయింట్ల పెట్టెను వారికి చూపియున్నచో విభాగజాగ్ని యను నొక ఉదాహరణము చేర్చుకొనియుందురు. పాయింట్లు విడివడునప్పుడు వానిమధ్య కరెంటు దూకి సాగకుండ కండెన్సరు దానిని తనలోనికి లాగుకొనును. అది చెడినచో విడిపోవుట మందగించును, పాయింట్లు కాలును, ప్లగ్గువద్ద రవ్వ పసుపుపచ్చబారి నీరసించును. తెగవలసినది చురుకుగా తెగకున్నచో వెలుగు పుట్టదన్నమాట.

నేను అచట నుండగా ఆ బండి ఒకనాడు మొరాయించినది. వచ్చిన మెకానిక్కు రావులపాలెము వైపునుండి స్కూటరుమీద వచ్చిన నడివయస్కుడు, మాటలు తక్కువ. స్టార్టరు బలముగా తిరుగుచుండుట చూచి బ్యాటరీ జోలికి పోలేదు. ఒక ప్లగ్గు విప్పి మొనను ముక్కుదగ్గర పెట్టుకొని, పెట్రోలు తడి తగిలినది గనుక నూనె మార్గమును విడిచిపెట్టెను. ఆ ప్లగ్గునే తీగకు తగిలించి, దాని ఒడలిని ఇంజను ఇనుమునకు ఆనించి త్రిప్పించెను, రవ్వ లేదు. అప్పుడు కాయిలునుండి వచ్చు నడిమి తీగనే ఊడబెరికి ఇనుమునకు చేరువగా పట్టుకొని త్రిప్పించెను, అచటను లేదు. ఈ ఒక్క పరీక్షతో డిస్ట్రిబ్యూటరు మూత, దానిలోని రోటరు, నాలుగు తీగలు, నాలుగు ప్లగ్గులు అన్నియు ఒక్కసారిగా నిర్దోషులైనవి. నేరము వానికి వెనుకనే జరుగుచున్నది. తరువాత నొక చిన్న బల్బు తీసి, దాని ఒక కొసను పాయింట్ల మీటకును, రెండవకొసను ఇనుమునకును తగిలించెను. బల్బు వెలిగినది. కరెంటు అంతవరకు వచ్చుచున్నది గనుక కాయిలు లోపల తీగ తెగలేదు. ఇంజనును చేతితో మెల్లగా త్రిప్పి పాయింట్లు కలిసిన చోట నిలిపెను. కలిసినప్పుడు కరెంటు వానిగుండ ఇనుములోనికి పోయి బల్బు ఆరిపోవలెను. ఆరలేదు.

“చూశారా మేష్టారూ, కలిసినట్టే ఉన్నాయి గాని కలవలేదండి ఇవి” అనెను.

“కాయిలు మార్చాలా?” అని పాక యజమాని ఆదుర్దాగా అడిగెను.

“ఆయ్, కాయిలుకేం కాలేదండి బాబాయిగారూ, సామానంతా బాగానే ఉందండి. పాయింట్లమీద పొర కట్టిందండి, అంతే. నెలల తరబడి పాకలో పడుంటే ఉప్పుగాలికి ఇంతేనండి.”

కంటికి ఆ పొర కనబడలేదు. మొనలు కొంచెము మసకగా నున్నవని మాత్రము తోచినది. ఆతడు సన్నని గరుకుకాగితమును మడిచి వానిమధ్య రెండుసార్లు లాగి, పెట్రోలులో ముంచిన అట్టముక్కతో తుడిచి, గేజీ రేకును దూర్చి, మిల్లీమీటరులో మూడవవంతుకు అటునిటుగా ఎడము సరిచేసెను. ఇప్పుడు పాయింట్లు కలిసినప్పుడు బల్బు ఆరినది, విడివడినప్పుడు వెలిగినది. నడిమి తీగ కొసనుండి నీలిరవ్వ చిటుక్కుమని దూకినది. క్రొత్తగా ఏ భాగమును వేయలేదు. శక్తి ఏదియు పోయలేదు. ఉన్న వస్తువులనుండి ఒక్కదానిని తొలగించినాడు. గంగేశుని మణి పాకలోని పాయింట్లమీద పొరరూపమున కూర్చున్నది. ‘సామానంతా బాగానే ఉంది’ యన్న ఆ మాటలో కారణసామగ్రి యను శబ్దము లేకపోవచ్చును గాని, ప్రతిబంధకాభావము కారణమను సిద్ధాంతము సమగ్రముగా నున్నది.

ఇట్టి పరీక్షకు మన శాస్త్రము అన్వయవ్యతిరేకములని పేరిడినది: ఇది యున్నచో అది యున్నది, ఇది లేనిచో అది లేదు. దీనిని చెడగొట్టుకొనుటకు సులభమైన మార్గము తొందర. దమ్ము తరుణము మించుచున్నదని ప్లగ్గులు, పాయింట్లు, కండెన్సరు, కాయిలు నాలుగును ఒక్కపూటలో మార్చివేసిన వానికి బండి నడచును గాని ఎందుచేత నడచెనో తెలియదు. మరల ఆగిననాడు మరల నాలుగును కొనును. అన్నంభట్టు కారణలక్షణము చెప్పునప్పుడు అన్యథాసిద్ధములను వేరుచేయుమనుటకు హేతువిదియే. కుండకు మట్టిని మోసుకొని వచ్చిన గాడిద కుండకు ముందే వచ్చినది, నిజమే. అయినను కుండకు కారణము కాదు. బండి నడచిననాటి వారము, మెకానిక్కు ఎదురువచ్చిన శకునము, క్రొత్త ప్లగ్గుమీద మెరుపు, ఇవియన్నియు ఆ గాడిదలే. వేరొక మోసము కూడ కలదు. ప్రతిబంధకము ఉండగనే కార్యమును కలిగించు వస్తువును తార్కికులు ఉత్తేజకమందురు. మణి దగ్గరనున్నను ఇంకొక మణిని చేర్చినచో అగ్ని కాల్చునని వారి ఉదాహరణము. మసిపట్టిన ప్లగ్గులున్న బండికి సిలిండరులో రెండు చుక్కల పెట్రోలు వేసినచో నొకసారి గభాలున అందుకొనుట ఇట్టిదే. ఆ పూట గడచును, మసి అట్లే యుండును. ఉత్తేజకములతోనే జీవితము వెళ్లబుచ్చువారు బండ్లు గలవారిలోనే కాక తీర్థయాత్రలు చేయువారిలోను కలరని నా అనుమానము.

ఈ విచారమునకు కోనసీమ రైతు మరియొకవిధమున బంధువు. పతంజలి యోగసూత్రముల కైవల్యపాదములో, ధర్మము మొదలగు నిమిత్తములు ప్రకృతిని ముందుకు నెట్టవనియు, అడ్డమును భేదించుట మాత్రమే చేయుననియు చెప్పుచు, క్షేత్రికుని దృష్టాంతముగా తెచ్చెను. భాష్యకారుడు దానిని విప్పి చూపెను: ఒక మడి నిండిన పిమ్మట రెండవ మడికి నీరు పెట్టదలచిన కృషీవలుడు నీటిని చేతులతో నెట్టడు, గట్టు తెంచును, నీరు తనంతట పారును. మడవ తీయుట ఎరిగిన వానికి ఈ సూత్రమునకు వ్యాఖ్యానము అక్కరలేదు. గౌతమికిని వసిష్ఠకును నడుమ పరచుకొన్న ఈ మధ్యడెల్టాలో 1852లో ఆనకట్ట పూర్తియైన నాటినుండి వ్యవసాయమనగా చాలవరకు అడ్డుకట్టలు కట్టుటయు తీయుటయే. పుణ్యము సుఖమును తయారుచేయదు, దానికి అడ్డుగానున్న దానిని తీయును అను మాట పండితునికి సిద్ధాంతము, ఇచటి రైతుకు దినచర్య. శంకరాచార్యుల అద్వైతము ఇంకను ఒకడుగు ముందుకు వేసినది: మోక్షము క్రొత్తగా పుట్టునది కాదు, పుట్టినచో నశించును గదా, ఉన్నదానిని కప్పిన అవిద్య తొలగుటయే అది.

ఇంతవరకు వచ్చినవాడు, ఇక లోకములోని వైఫల్యములన్నియు పొరలే, గీకినచో తీరునని నిశ్చయించుకొనుట సహజము. అద్వైతమును అరకొరగా విన్నవారు తరచుగా ఇచటనే స్థిరపడుదురు. డీజిలుబండి వారిని అక్కడినుండి లేపవలెను.

డీజిలు ఇంజనులో రవ్వ లేదు, పాయింట్లు లేవు. గాలిని దాని పరిమాణములో పదునారవవంతుకో, ఇరువదవవంతుకో అణచినచో అది ఐదువందల డిగ్రీలకు మించి వేడెక్కును. అందులోనికి చిమ్మిన నూనె తనంతట అంటుకొనును. రుడాల్ఫ్ డీజిలు 1897లో నడిపి చూపిన ఈ ఉపాయము చూచినప్పుడు నాకు అరణి గుర్తునకు వచ్చును. కోనసీమ అగ్రహారములలో త్రేతాగ్నులను ఇంట నిలుపుకొన్న ఆహితాగ్నులు ఇటీవలి వరకును జీవించిరి. వారి జీవితములను గూర్చి అమెరికా పండితుడు డేవిడ్ నైప్ వ్రాసిన గ్రంథము 2015లో వెలువడినది. శమీగర్భమున మొలచిన అశ్వత్థపు కొయ్యను త్రాటితో చిలికి వారు అగ్నిని పుట్టించెడివారు. రవ్వ తేబడలేదు, ఒత్తిడియు ఒరయికయు తప్ప వేరొకటి లేదు. గడ్డినుండి, అరణినుండి, సూర్యకాంతమణినుండి మూడు విధములుగా పుట్టు అగ్నికి కారణమొక్కటా, మూడా యను తృణారణిమణి విచారము ఈ సందర్భమున పుట్టినదే. మూడింటిలోను ఒకే శక్తి యున్నదని మీమాంసకుడనెను. ఒక్కొక్కదానినుండి పుట్టు అగ్ని వేరువేరు జాతిదని నైయాయికుడు తప్పించుకొనెను. ఈ సమాధానము ఆయనకు తగినది కాదని నా అభిప్రాయము. పెట్రోలుబండి నిప్పు వేరు, డీజిలుబండి నిప్పు వేరని చెప్పినచో మెకానిక్కు నవ్వును.

డీజిలుబండికి ప్రతిబంధకములు లేకపోలేదు. నూనెగొట్టములో గాలి పట్టినచో ఇంజను కదలదు. మరను సడలించి, బుడగలు పోవువరకు నూనెను కార్చి, మరల బిగింపవలెను. సిలిండరులో ఏ గాలి అగ్నికి కారణమో, గొట్టములో ఆ గాలియే దానికి అడ్డము. అయితే ఉంగరములు అరిగి, అణచిన గాలి ప్రక్కలకు జారిపోవుచున్న పాతబండిలో తొలగింపవలసినది ఏదియు లేదు. ఉండవలసిన ఇనుమే అరిగిపోయినది. దానిని నైయాయికుడు కారణసామగ్రిలో ఒకటి లోపించెనని తేలికగా లెక్కకట్టును. అరిగినది కొలతకు అందును గనుక శక్తివాదికి అచట చోటులేదు.

ఆయనకు చోటిచ్చునది మాగ్నెటో. 1917లో వెలువడిన తొలి ఫోర్డ్‌సను బండ్లలో రవ్వకు బ్యాటరీ యాధారము లేదు. ఫ్లైవీలుకు బిగించిన అయస్కాంతములు తిరుగుచు కరెంటును తామే పుట్టించెడివి. లంకలలో నీరు తోడు చిన్న కిరసనాయిలు ఇంజనులకు నేటికిని ఈ ఏర్పాటే. అట్టి అయస్కాంతము ఏండ్లు గడచినకొలది, వేడికిని కుదుపులకును లోనై, నీరసించును. పాయింట్లు గీకితిరి, కండెన్సరు మార్చితిరి, తీగలు ఆరబెట్టితిరి. పొర లేదు, తడి లేదు, తెగుట లేదు. రవ్వ మాత్రము పసుపుపచ్చగనే యుండును. విప్పి చూచినచో ఇనుము అదే యినుము, బరువు అదే బరువు, రూపము అదే రూపము. తొలగింపదగిన మణి ఎచటను లేదు. ఏదో ఒకటి పోయినది. ఆ పోయినదానిని బలమైన మరియొక అయస్కాంతమో కరెంటుచుట్టో ప్రక్కననుంచి మరల ఎక్కించినచో, పిడికెడు ఇనుమైనను చేర్చకుండగనే, రవ్వ నీలమగును. చూపునకు అందక, కార్యమువలన మాత్రమే ఊహింపబడి, నశించి మరల పుట్టింపబడునది యని ప్రాభాకరుడు శక్తికి చెప్పిన లక్షణములన్నియు ఇచట నున్నవి.

నైయాయికుడు ఊరకుండడు. అయస్కాంతమనగా ఇనుములోని సూక్ష్మభాగములు ఒక దిక్కునకు అమరియుండుటయే యని నేటి పదార్థవిజ్ఞానము చెప్పుచున్నది గనుక, పోయినది శక్తి కాదు, సంయోగవిశేషము మాత్రమే యని బదులు చెప్పును. మంచిదే. కాని ఆ అమరికను ఆ యినుము తనంతట తిరిగి పొందలేదు. ఎంత శుభ్రము చేసినను, ఎన్నాళ్లు పాకలో ఊరక నుంచినను రాదు. అమరికగల వేరొకటి దాపునకు వచ్చి యీయవలెను. ఈ భేదమును విడిచినచో భక్తిశాస్త్రములో అనుగ్రహమను మాటకు అర్థము మిగులదు. చిత్తమునకు పట్టిన మసి తుడిచికొన్నచో చాలునను వారును, తుడిచికొనుట ఎట్లున్నను పైనుండి వచ్చి ఎక్కింపవలసినదొకటి కలదను వారును వేదాంతులలో ఇరుపక్షములుగా నిలిచియుండుట ఇందువలననే. నేను శక్తిపక్షమున కొంత మొగ్గుచున్నాను. కాని ఆ పక్షము మాటాడు హక్కు పొరను తుడిచి, ఎడము సరిచేసి, బల్బు పెట్టి చూచిన పిమ్మటనే వచ్చునని కూడ తలంచుచున్నాను. పాయింట్ల మూత విప్పకుండగనే అయస్కాంతము నీరసించినదని తేల్చు మెకానిక్కును కోనసీమలో ఏ రైతును రెండవమారు పిలువడు.